కాంట్రాక్టరు బిల్లును ఒక్కసారి చదవండి: కర్మాగారాల యజమానులకు బహిరంగ లేఖ

పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, అచ్యుతాపురం, పైడిభీమవరం పారిశ్రామిక వాడల్లో కాంట్రాక్టర్ల ద్వారా కూలీలను పెట్టుకునే యజమానులకు, హెచ్‌ఆర్ మేనేజర్లకు, కొనుగోలు విభాగాల అధికారులకు,

నమస్కారం.

లేబర్ కాంట్రాక్టర్ల బిల్లులు సరిచూడటం నా వృత్తి. హాజరు పట్టీతో వేతనాల పట్టీని పోల్చి, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) చలాన్లు జత చేసి, ‘చెల్లించవచ్చు’ అని రాసి పైకి పంపుతాను. కార్మిక దోపిడీ గురించి మాట వస్తే మీలో చాలామందికి ఇటుక బట్టీలు గుర్తొస్తాయి, గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాక్కున్న సేఠ్ గుర్తొస్తాడు. మీ ప్యాకింగ్ విభాగంలో రాత్రి షిఫ్టు చేస్తున్న కుర్రాడు గుర్తురాడు. గుర్తు చేస్తే ఒకటే జవాబు: ‘మేం ప్రతి నెలా బిల్లు కట్టేస్తున్నాం. అతను కూలీకి ఎంత ఇస్తాడో మాకెలా తెలుస్తుంది?’

తెలుస్తుంది. ఆ బిల్లులోనే ఉంటుంది. ఈ లేఖ రాస్తున్నది ఆ ఒక్క సంగతి చెప్పడానికే.

లెక్క వేసి చూద్దాం. ఒక హెల్పర్‌కు నెల వేతనం 14,000 రూపాయలు అనుకోండి. పీఎఫ్‌లో యజమాని వాటా, దాని బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి 13 శాతం, అంటే 1,820. ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, 455. బోనస్ కనీసం 8.33 శాతం, 1,166. అన్నీ కలిపితే 17,441 రూపాయలు. సెలవు జీతం, గ్రాట్యుటీ, బూట్లు, యూనిఫాం ఇందులో లేవు. కాంట్రాక్టరు లాభం ఒక్క రూపాయి కూడా లేదు. జీఎస్టీ ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు మీ కొనుగోలు విభాగం ఖరారు చేసిన రేటు తీయండి. పన్ను కాకుండా తలకు 16,500 అని ఉందనుకుందాం. అంటే మొదటి రోజే 941 రూపాయలు తక్కువ. ఆ కాంట్రాక్టరు ధర్మాత్ముడై, తన ఇల్లు అమ్మి కూలీలకు జీతాలిస్తున్నాడని మీరు నమ్ముతున్నారా? ఆ లోటు కూలీ వేతనంలోంచో, కట్టని పీఎఫ్‌లోంచో, ఇవ్వని బోనస్‌లోంచో పూడాలి. నాలుగో దారి లేదు. సంతకం పెట్టిన రోజే ఆ సంగతి మీ కాగితం మీద ఉంది.

కొందరు తెలివైనవాళ్లు వేతనాన్ని సరిగ్గా చూపించి సర్వీస్ చార్జి (కాంట్రాక్టరు తన కోసం వేసుకునే శాతం) దగ్గర పోటీ పెడతారు. అర శాతం వేసినవాడికి కాంట్రాక్టు. పై లెక్కలో అర శాతమంటే తలకు 87 రూపాయలు. వంద మందిని తెచ్చి, వాళ్లకు గదులు చూపించి, రోజూ వ్యాను నడిపి, సూపర్‌వైజర్‌ను పెట్టి, ఆఫీసు నడిపేవాడికి నెలకు 8,700 రూపాయలు మిగులుతాయట. ఆ సూపర్‌వైజర్ జీతం కూడా అందులో రాదు. ‘మాకు భలే తక్కువ రేటుకు దొరికాడు’ అని ఒక మేనేజర్ నాతో గొప్పగా చెప్పారు. ఆ తక్కువ ఎవరి జేబులోంచి వచ్చిందో ఆయన అడగలేదు.

ఇక పన్నెండు గంటల షిఫ్టు. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మోసమంతా అతి మామూలు కూడికల్లో దాగి ఉంది. చట్టప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇవ్వాలి. ఎనిమిది గంటల తర్వాత మరో నాలుగు గంటలు చేస్తే, నాలుగు రెళ్లు ఎనిమిది, అంటే మరో పూర్తి రోజు కూలి. నెలంతా పన్నెండు గంటలు చేసిన మనిషికి 14,000 కాదు, 28,000 రావాలి. మీ కర్మాగారంలో పన్నెండు గంటలు చేసే హెల్పర్‌కు ఎంత ముడుతోంది? పదహారు వేలా, పద్దెనిమిదా? మిగిలిన పది వేల పైచిలుకు ఎక్కడికి పోయిందంటే, దానికి ఓవర్‌టైమ్ అని పేరే పెట్టలేదు. ‘డ్యూటీకి ఇంత’ అని ఒకే ముద్దగా మాట్లాడుకున్నారు. బిల్లులో కూడా ‘డ్యూటీలు’ అనే ఉంటుంది, గంటలు ఉండవు. గంటలు రాస్తే మరో చిక్కు: నెలకు 26 పనిదినాల చొప్పున ఓవర్‌టైమ్ 104 గంటలు, మూడు నెలలకు 312. తెలంగాణ ప్రభుత్వం 2025లో నిబంధనలు సడలించిన తర్వాత కూడా మూడు నెలలకు పరిమితి 144 గంటలే.

‘వాళ్లే పన్నెండు గంటలు అడుగుతున్నారండీ’ అంటారు. నిజమే, అడుగుతారు. ఎనిమిది గంటల కూలి డబ్బు కటింగులు పోగా ఇంటికి పంపడానికి చాలదు కాబట్టి అడుగుతారు. రెట్టింపు ఇచ్చి చూడండి. షిఫ్టు ఎనిమిది గంటలకు తగ్గించమని ముందు మీ ఫైనాన్స్ విభాగమే అడుగుతుంది.

‘వేతనాలన్నీ బ్యాంకు ఖాతాల్లోకే వేయిస్తున్నాం, ఇందులో దాచడానికేముంది?’ అని మరో మాట. నేను చూసినది చెబుతాను. జీతాలు పడిన మర్నాటి సాయంత్రం, ఒక పారిశ్రామిక వాడలోని ఏటీఎం. లోపల ఒకే మనిషి చాలాసేపటి నుంచి ఉన్నాడు. బయట వరుస పెరిగి, వెనకవాళ్లు తిట్టడం మొదలుపెట్టారు. అతని చేతిలో జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి, దాని నిండా ఏటీఎం కార్డులు. ప్రతి కార్డుకూ తెల్లటి ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో పేరు, పేరు కింద నాలుగు అంకెలు. కార్డు పెట్టడం, డబ్బు తీయడం, రబ్బరు బ్యాండు వేయడం, తర్వాతి కార్డు. విసుగూ లేదు, బెరుకూ లేదు. రోజువారీ పని చేసుకుంటున్నట్టే ఉన్నాడు. అతను నేను సరిచూసే బిల్లుల్లో ఒకదాని తాలూకు సూపర్‌వైజర్. ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ నా ఫైలులో ఉంది, ఒక్క పైసా తేడా లేకుండా.

తర్వాత ఆ కార్డుల్లో ఒక దాని సొంతదారుతో మాట్లాడాను. ఒడిశాలోని బలంగీర్ వైపు కుర్రాడు. అతని ఖాతాలో పడింది పదిహేడు వేల చిల్లర. చేతికి వచ్చింది పన్నెండు వేలు. గది కటింగ్, మెస్ కటింగ్, వచ్చేటప్పటి రైలు టికెట్ కటింగ్, పని ఇప్పించినందుకు నెల నెలా కమీషన్. పీఎఫ్ నంబరు ఉందా అంటే ఉందన్నాడు. దానికి జతచేసిన ఫోను నంబరు ఎవరిది అంటే తెలియదన్నాడు. సూపర్‌వైజర్‌ది. ఓటీపీ వెళ్లేది అక్కడికి. పండక్కి ఊరెళ్లాలని ఉందని, వెళ్లలేనని అన్నాడు. మొదటి నెల జీతం కాంట్రాక్టరు దగ్గరే అట్టిపెట్టుకున్నాడట. మధ్యలో వెళ్తే అది పోయినట్టే. ‘తాళం ఏమీ లేదు సార్, గేటు తెరిచే ఉంటుంది’ అన్నాడు, నేను అడగకుండానే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమను గుర్తించడానికి 11 సూచికలు చెప్పింది. వేతనం బిగబట్టడం, అప్పుతో కట్టేయడం, గుర్తింపు పత్రాలు లాక్కోవడం, మితిమీరిన ఓవర్‌టైమ్, మోసపు మాటలతో పనిలో చేర్చడం, నిస్సహాయతను వాడుకోవడం వాటిలో కొన్ని. ఆ కుర్రాడి విషయంలో ఎన్ని కలుస్తాయో మీరే లెక్కపెట్టండి. నా లెక్క చెబితే అతిశయోక్తి అంటారు.

సుప్రీంకోర్టు ఈ మాటను 1982లోనే తేల్చేసింది. ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్న రోజులవి. అప్పటి కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కూలీలను తెచ్చిన జమాదార్లు ఒక్కొక్కరి దగ్గర రోజుకు ఒక రూపాయి కమీషన్ కోసుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవారు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ అనే హక్కుల సంస్థ జస్టిస్ పి.ఎన్. భగవతికి రాసిన లేఖనే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. (ఉత్తరాల వల్ల ఏమీ కాదనేవారికి ఇది చెబుతుంటాను.) కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమే అని తీర్పు వచ్చింది. గొలుసులు, కొరడా అక్కర్లేదు, ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమే అంది కోర్టు. పనులు కాంట్రాక్టర్లకు ఇచ్చాం కాబట్టి మాకు సంబంధం లేదని తప్పించుకునే వీలు అసలు యజమానులకు లేదని కూడా చెప్పింది. ఆ ఒక్క రూపాయికి ఇవాళ మన దగ్గర నాలుగంకెల సంఖ్య వచ్చింది, అంతే తేడా.

ఈ జమాదారు మనకు కొత్తవాడు కాదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట, అడ్వాన్సు తీసుకుని, దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టారు. మన వాళ్ల గోడు మనకు తెలుసు. వెట్టికి ఎదురుతిరిగిన చరిత్ర ఉన్న నేల కూడా ఇదే. ఇప్పుడు మేస్త్రీకి జీఎస్టీ నంబరు వచ్చింది, విజిటింగ్ కార్డు వచ్చింది, ‘మ్యాన్‌పవర్ సొల్యూషన్స్’ అని బోర్డు వచ్చింది. కూలీ బీహార్ నుంచో ఒడిశా నుంచో వస్తున్నాడు. అడ్వాన్సు మాత్రం మారలేదు.

కాంట్రాక్టర్లందరూ రాక్షసులని నేను అనడం లేదు. ఒకప్పుడు తాము కూడా హెల్పర్లుగా చేసి పైకి వచ్చిన చిన్న కాంట్రాక్టర్లు చాలామంది తెలుసు. వాళ్ల కథ కూడా మీ దగ్గరే మొదలవుతుంది. మీ కర్మాగారం బిల్లు కట్టేది అరవై రోజులకో, తొంభై రోజులకో. కూలీకి నెల తిరిగిన ఏడు రోజుల్లో జీతం ఇవ్వాలి. ఆ మధ్యలో నెట్టుకురావడానికి అతను నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెస్తాడు. ఆ వడ్డీ ఎక్కడ రాబట్టుకుంటాడు? మీ కంపెనీ పెట్టుబడి ఖర్చును ఆదా చేస్తున్నది బ్యాంకు కాదు, నాలుగు వందల మైళ్ల దూరం నుంచి వచ్చిన ప్యాకింగ్ హెల్పర్. మీ వార్షిక నివేదికలో ‘వర్కింగ్ క్యాపిటల్ నిర్వహణ మెరుగుపడింది’ అనే వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ వడ్డీ గుర్తొస్తుంది.

వేతనాల పట్టీ కింద ఒక వాక్యం ఉండేది. పాత కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం, జీతాలు ఇచ్చేటప్పుడు యజమాని ప్రతినిధి దగ్గరుండి, ‘ఈ మొత్తాలను నా సమక్షంలో చెల్లించారు’ అని ధ్రువీకరించాలి. 1970 నాటి ఆ చట్టం రాసినవాళ్లకు జమాదారు సంగతి బాగా తెలుసు, అందుకే పెట్టారు. ఆచరణలో ఏమైంది? మూడు నెలల పట్టీలు కట్టగా వస్తాయి, హెచ్‌ఆర్ గుమస్తా టీ తాగుతూ ముప్పై సంతకాలు పెడతాడు. బ్యాంకు చెల్లింపులు వచ్చాక ఆ వాక్యానికి ఇక పనే లేదన్నారు. ఏటీఎం దగ్గర నేను చూసిన మనిషికి మాత్రం చేతినిండా పని ఉంది.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి బాధ్యత తగ్గిందని మీలో కొందరు సంబరపడుతున్నారు. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్య పాత కేంద్ర చట్టంలోని ఇరవై నుంచి యాభైకి పెరిగిన మాట నిజం. నలభై తొమ్మిది మందితో ఆగిపోయే కాంట్రాక్టర్లు ఒకే ఇంటి చిరునామాతో ముగ్గురు నలుగురు పుట్టుకొస్తారని చెప్పడానికి జ్యోతిషం రానక్కర్లేదు. అయితే వేతనాల కోడ్ చదవండి: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ సంస్థ యజమానే చెల్లించాలి. పని మానేసినవారికి, తీసేసినవారికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి, కాబట్టి ‘ఒక నెల జీతం వెనక ఉంచుకోవడం’ అనే ఆచారానికి చట్టంలో చోటు లేదు. వృత్తి భద్రతా కోడ్ ప్రకారం కాంట్రాక్టరు కూలీ దగ్గర నేరుగా గానీ, చుట్టు తిప్పి గానీ ఫీజు, కమీషన్ తీసుకోకూడదు. లైసెన్సు అవసరమైన చోట అది లేని కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కూలీలను మీ సొంత ఉద్యోగులుగానే లెక్కిస్తారు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. మీ గేటు దగ్గర నిలబడి, లోపలికి వస్తున్న పదిమందిని ఆ పత్రం చూపించమనండి.

విదేశీ కొనుగోలుదారుల ప్రశ్నపత్రాల గురించి కూడా ఒక మాట. బ్రిటన్‌లో 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం, ఏటా 3.6 కోట్ల పౌండ్లు, అంతకు మించి వ్యాపారం చేసే కంపెనీలు తమ సరఫరా గొలుసులో బలవంతపు శ్రమను అరికట్టడానికి ఏం చేశాయో ప్రకటించాలి. అందుకే మందులు, రసాయనాలు ఎగుమతి చేసే మన కర్మాగారాలకు ప్రశ్నలు వస్తుంటాయి. ‘మీ దగ్గర కార్మికులు ఉద్యోగం కోసం డబ్బు చెల్లించారా?’ ‘లేదు.’ ‘గుర్తింపు పత్రాలు మీ దగ్గర ఉంచుకుంటారా?’ ‘లేదు.’ ఒక్క కూలీని కూడా అడగకుండా, ఒక్క సాయంత్రంలో నలభై జవాబులు నింపేస్తారు. ఆడిట్ రోజున పాత కూలీలకు సెలవిచ్చి, జవాబులు నేర్పినవాళ్లను నిలబెట్టడమూ ఉంది. ఆ తతంగం గురించి ఇంతకంటే రాయను. చదివేవాళ్లకు తెలుసు.

ఇది డబ్బు గొడవ మాత్రమే అనుకుంటే, 2025 జూన్ 30 గుర్తు తెచ్చుకోండి. పాశమైలారంలో మందుల ముడిపదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తమవాళ్ల ఆచూకీ కోసం బంధువులు రోజుల తరబడి ఎదురుచూశారు. ఆ కర్మాగారం మీద తీర్పు చెప్పడం నా పని కాదు. నేను అడిగేది మీ గురించి. ఈ రాత్రి మీ దగ్గర ఏదైనా జరిగితే, లోపల ఉన్న ప్రతి మనిషి అసలు పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు మీ దగ్గర ఉన్నాయా? కాంట్రాక్టరు హాజరు పట్టీలో పేరున్నవాడు పోయిన నెలే ఊరెళ్లిపోయి, అతని గేట్ పాస్ మీద మరొకడు పనిచేస్తున్న సందర్భాలు నా ఫైళ్లలోనే ఉన్నాయి. అలాంటివాడు పని ప్రమాదంలో చనిపోతే, సగటు వేతనంలో 90 శాతం లెక్కన కుటుంబానికి రావాల్సిన ఈఎస్‌ఐ పింఛను కోసం ఆ భార్య, ఆ మనిషి అక్కడ పనిచేశాడని ముందు రుజువు చేసుకోవాలి. ఎవరితో రుజువు చేసుకోవాలి? మీతోనే కదా.

ఏం చేయమంటారు అని అడుగుతారు. అసాధ్యమైనవేవీ అడగను.

రాబోయే టెండరులో వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, సెలవు జీతం మీరే లెక్కగట్టి స్థిరంగా రాయండి. వాటిలో పోటీ ఉండకూడదు. సర్వీస్ చార్జి విడిగా ఉండాలి, దానికి కూడా మనిషి బతకగలిగే అడుగు రేటు, అంటే ఇంతకంటే తగ్గకూడదనే హద్దు, పెట్టండి. దానికంటే తక్కువ వేసినవాడిని ‘చవకగా దొరికాడు’ అని కాక, ‘వీడు ఎవరి దగ్గర రాబట్టుకోబోతున్నాడు’ అని చూడండి. వీలైన చోట జీతాలు మీ ఖాతా నుంచే నేరుగా కూలీ ఖాతాలోకి వేసి, కాంట్రాక్టరుకు అతని చార్జి మాత్రం కట్టండి. అలా చేస్తే కాంట్రాక్టు బూటకమని, కూలీలు మీ సొంత ఉద్యోగులేనని తేలుతుందేమోనని మీ లాయరు భయపెడతారు. భయపడాల్సిందే. శాశ్వత స్వభావం ఉన్న పనికి ఏళ్ల తరబడి కాంట్రాక్టు కూలీలను వాడుతుంటే ఆ భయం న్యాయమైనదే, దానికి మందు వాళ్లను పర్మినెంట్ చేయడం. కనీసం కాంట్రాక్టరు బిల్లును పదిహేను రోజుల్లో తీర్చండి.

పీఎఫ్ చలాను వెనక ఉన్న జాబితా తెప్పించి, ఎంతమందికి ఒకే ఫోను నంబరు నమోదై ఉందో చూడండి. కంప్యూటర్‌లో పది నిమిషాల పని. అలాగే బ్యాంకు ఖాతాల ఫోను నంబర్లు. ఒకే నంబరు పది పేర్ల పక్కన కనబడితే ఆ కార్డుల సంచి ఎవరి దగ్గర ఉందో మీకు తెలిసిపోతుంది.

కొత్తగా చేరినవారిని మొదటి వారంలోనే, సూపర్‌వైజర్ వినని చోట, హిందీలోనో ఒడియాలోనో మాట్లాడగలిగిన మనిషితో మూడు ప్రశ్నలు అడిగించండి. రైలు టికెట్ డబ్బు ఎవరు పెట్టారు? అడ్వాన్సు ఎంత? ఏటీఎం కార్డు నీ జేబులో ఉందా? పని కోసం డబ్బు కట్టాడని తేలితే ఆ మొత్తం తిరిగి ఇప్పించి కాంట్రాక్టరు బిల్లులో కోయండి. ఒక్కటే జాగ్రత్త: నిజం చెప్పినవాడిని మర్నాడు పనిలోంచి తీసేస్తే, ఇక ఆ గదిలో ఎవరూ మీకు నిజం చెప్పరు. కాంట్రాక్టరు మారినా ఆ మనిషి పని పోదని మీ పేరుతో రాతపూర్వకంగా ఇవ్వండి.

దీనికి తలకు పదిహేను వందలో, రెండు వేలో ఖర్చు పెరుగుతుంది. పోటీలో నిలవలేమంటారు. పక్క కర్మాగారం కూడా మీ గురించి ఇదే చెబుతోంది. వాడలోని యజమానుల సంఘంలో కూర్చుని అందరూ ఒకే అడుగు రేటుకు కట్టుబడితే ఈ వాదన ఆ సాయంత్రమే తీరిపోతుంది. కరెంటు చార్జీలు పెరిగితే కలిసి మంత్రి దగ్గరికి వెళ్లే మీకు కలిసి కూర్చోవడం కొత్త కాదు.

చాలా కాంట్రాక్టులు ఏప్రిల్ 1న మారతాయి, రేట్లు ఫిబ్రవరిలోనే ఖరారవుతాయి. నేను వాడే రేటు షీటు ఒక్క పేజీ ఉంటుంది. అందులో మీ రాష్ట్రం, మీ పరిశ్రమ కనీస వేతనం వేసుకుంటే తలకు ఎంత కంటే తక్కువకు ఒప్పుకోకూడదో కింద గడిలో కనబడుతుంది. మీ బిల్లులు సరిచూసే నాలాంటి గుమస్తా మీ దగ్గర కూడా ఒకరు ఉంటారు, అతన్ని పిలిచి అడగండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మిగతావాళ్లు లేనప్పుడు అడగండి. అతనికి అన్నీ తెలుసు.

ఇట్లు,
కాంట్రాక్టు బిల్లులు సరిచూసే ఒక గుమస్తా